గోదావరికి అంకె ఉంది, మన వాగుకి లేదు

పోస్టు కొంచెం పెద్దదే. వేసవి సెలవులకి ఇళ్ళకి బయల్దేరే ముందు అందరూ ఒకసారి చదవాలని రాస్తున్నాం.

మేము అమలాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్నవాళ్ళం. మాలో కొందరిది చింతూరు, కూనవరం వైపు. కొందరిది రంపచోడవరం, మారేడుమిల్లి వైపు. ఈ కోనసీమలోనే పుట్టి పెరిగిన యానాది, ఎరుకల కుటుంబాల పిల్లలూ ఉన్నారు. వానాకాలం వచ్చిందంటే మా గదుల్లో ఒకటే ముచ్చట. భద్రాచలం ఎంతుంది? ధవళేశ్వరం ఎంతుంది? భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గరైతే 11.75, 13.75, 17.75. ఎక్కాలు వచ్చినట్టు మాకీ అంకెలు నోటికొచ్చు. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది. మన పెద్దోళ్ళు ఇప్పటికీ చెప్పుకునే 86 వరదప్పుడు 75.6.

ఈ అంకెలు ఉండటం చాలా మంచిది. పైన పెరిగిన గోదావరి ధవళేశ్వరం దిగడానికి టైం పడుతుంది కాబట్టి, ఆ లోపు లంకల్లో వాళ్ళు పశువుల్ని తోలుకుని, బియ్యం, కాగితాలు సర్దుకుని గట్టెక్కుతారు. కోనసీమ వాళ్ళకి ఇది అలవాటైన పని. అప్పనపల్లి కాజ్‌వే మునిగింది, ఎదురుబిడిం కాజ్‌వే మునిగింది అని వార్త రాగానే ఏ ఊరికి రాకపోకలు ఆగాయో ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ ఇంటికి ఫోన్ చేసి "ఎలా ఉంది అమ్మా" అని అడిగితే వచ్చే జవాబు గోదావరి గురించి కాదు. "వాగొచ్చింది రా, మూడ్రోజుల నుంచి ఎవరూ దాటట్లేదు." ఏ వాగు, ఎంత వచ్చింది, ఎప్పుడు దిగుతుంది అంటే ఏ వెబ్‌సైట్లోనూ ఉండదు, ఏ టీవీ కింద స్క్రోలింగ్‌లోనూ రాదు. అది దాటే చోట కొలత కర్ర కూడా ఉండదు. డోలీ మోసుకుంటూ వాగు ఒడ్డున ఆగిపోయిన ఫోటోలు ఏటా చూస్తూనే ఉన్నాం. ఆ ఫోటోలో గోదావరి ఉండదు. పేరు కూడా మండలం దాటి తెలియని ఒక వాగు ఉంటుంది. ఆ చిన్న వాగు గురించి, కోనసీమలో అయితే చిన్న డ్రెయిను గురించి, ఒక పటం కావాలని, అది మనమే మొదలెట్టాలని మా అభిప్రాయం.

చింతూరు వాళ్ళకి కొత్తగా చెప్పేదేం లేదు. సోకిలేరు, చంద్రవంక, కుయుగూరు వాగు, జల్లివారిగూడెం వాగు. కుయుగూరు వాగు రోడ్డెక్కితే ఒడిశా వైపు దారి బంద్. లోపలి గూడేలు ఎక్కడివక్కడే. ఇందులో ఒక తిరకాసు ఉంది. వాగులో నీళ్ళు రెండు రకాలుగా వస్తాయి. ఒకటి, పైన కొండల్లో కుండపోత కురిసి గంటల్లో వచ్చి గంటల్లో పోయేది. మన ఊళ్ళో ఎండ కాస్తుంటే కూడా వచ్చేస్తుంది. 2024 సెప్టెంబరులో మారేడుమిల్లి దగ్గర జలతరంగిణి జలపాతంలో దిగిన మెడికల్ స్టూడెంట్లని ముంచింది అలాంటిదే, ముగ్గురు చనిపోయారు. రెండోది ఎగదన్నుడు. గోదావరి నిండితే శబరి కిందికి పారలేక ఎగదన్నుతుంది. శబరి ఎగదన్నితే సోకిలేరు నీళ్ళు ఎటూ పోలేక ఊళ్ళోకొస్తాయి. ఇది మెల్లగా ఎక్కుతుంది గానీ రోజుల తరబడి దిగదు. మొదటి దానికి పై ఊరి నుంచి ఫోన్ కావాలి. రెండో దానికి శబరి మట్టం తెలియాలి. రెండిటికీ కలిపి "వాగు పొంగింది" అని ఒకే మాట రాసేస్తే జనం తయారవ్వాల్సిన తీరు తప్పుతుంది.

మేము కోనసీమకి చదువుకి వచ్చాక ఆశ్చర్యపోయింది ఏంటంటే, ఇక్కడ కొండ లేదు, వాగు లేదు, కానీ కథ అదే. ఇక్కడ నేల చదును. చేలో పడ్డ వాన సముద్రానికి పోవాలంటే చిన్న మురుగు కాలువల్లోంచి మీడియం డ్రెయిన్లకి, అక్కణ్ణించి మేజర్ డ్రెయిన్లకి పోవాలి. చివర స్లూయిస్ తలుపులుంటాయి, లేదంటే సముద్రం మొగ ఉంటుంది. గోదావరి పాయ నిండుగా ఉన్నప్పుడు తలుపులు మూసేయాలి, లేకపోతే నది నీళ్ళే లోపలికొస్తాయి. మూస్తే లోపలి వాన నీళ్ళు అక్కడే ఉండిపోతాయి. మొగ ఇసుకతో పూడితే, పైగా సముద్రం పోటు మీదుంటే అదీ అంతే. అంటే సోకిలేరు శబరిలోకి పారలేకపోవడం, ఇక్కడి డ్రెయిను పాయలోకి పారలేకపోవడం ఒకటే పని. అక్కడ గోదావరి సొంతంగా తలుపు వేస్తుంది, ఇక్కడ మనిషి వేస్తాడు.

(చిన్న మాట. శబరి, గోదావరి కలిసే దగ్గర మన కూనవరం ఉంది కదా, ఇక్కడ కోనసీమలో కూడా కూనవరం డ్రెయిను ఉంది. వార్తల్లో "కూనవరంలో ముంపు" అని వస్తే మా గదిలో సగంమంది ఉలిక్కిపడతారు.)

సప్త గోదావరుల్లో కౌశిక ఒకటి అని చెబుతారు. ఋషి పేరు పెట్టిన పాయ. ఇప్పుడది కౌశిక డ్రెయిను. దాని మీద గుర్రపు డెక్క ఎంత దట్టంగా ఉంటుందంటే కింద నీళ్ళున్నాయని కొత్తవాళ్ళకి తెలియదు. వేసవిలో తీయాల్సిన డెక్క వానలు పడ్డాక తీయడం, తీసింది గట్టు మీదే వదిలేస్తే మళ్ళీ కాలువలోకే జారడం, ఇవన్నీ ఇక్కడ అందరూ చూసేవే. చేల రైతులు ఈ ముంపు గురించి గట్టిగానే మాట్లాడతారు. 2022లో పంట విరామం అన్నప్పుడు వాళ్ళు చెప్పిన బాధల్లో డ్రెయిన్లు బాగు చేయకపోవడం కూడా ఉంది. సంకరగుప్తం డ్రెయిను వెంట ఉప్పునీళ్ళు నిలిచి కొబ్బరిచెట్లు తల వాల్చేస్తే 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి కేశనపల్లి వచ్చి చూసి వెళ్ళారు. సంతోషం. రైతు నష్టం నష్టమే. అయితే అదే డ్రెయిన్ల గట్ల మీద, పుంతల పక్కన గుడిసెలేసుకుని ఉండే మనవాళ్ళ పొయ్యిలోకి నీళ్ళొచ్చిన సంగతి ఎవరు లెక్క రాశారు? చేను మునిగితే ఎకరాల్లో లెక్క వస్తుంది. గుడిసెకి ఎకరాలు ఉండవు కదా.

చిన్న కాలువే కదా అనుకునేవాళ్ళకి బెజవాడ చాలు. 2024 సెప్టెంబరు మొదటివారం. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, బ్యారేజీ చరిత్రలోనే ఎక్కువ. అందరి కళ్ళూ కృష్ణ మీద. కానీ సింగ్‌నగర్‌ని రోజుల తరబడి ముంచింది బుడమేరు. గట్లకి గండ్లు పడి నగరం మీదికొచ్చింది. అంతకు ముందు జూలై 18న అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. కింద ఉన్నది మన ఊళ్ళే, వేలేరుపాడు, కుక్కునూరు మండలాలు. పొలం పనికి పోయినవాళ్ళు నీళ్ళ మధ్య చిక్కుకుంటే హెలికాప్టర్ రావాల్సి వచ్చింది. ప్రాజెక్టు ఒక రాష్ట్రంలో, మునిగే ఊళ్ళు ఇంకో రాష్ట్రంలో. కట్ట మీదున్నవాళ్ళకి నీళ్ళు ఎంత పెరిగాయో కళ్ళముందే కనబడుతుంది. కింద ఊళ్ళవాళ్ళకి ఏ మట్టానికి ఏ ఇల్లు ఖాళీ చేయాలో చెప్పే కాగితమే లేదు.

పటం అంటే మనవాళ్ళకి ఒక భయం ఉంది, దానికి కారణం కూడా ఉంది. పోలవరం గీతలు మనకి తెలిసినవే. 41.15 మీటర్ల కాంటూరు లోపలున్న ఊరు మొదటి దశ, బయటున్న ఊరు తర్వాత. 2022 జూలైలో గోదావరి ఆ గీత చూసుకుని ఆగలేదు. గీత బయట రాసిన ఊళ్ళు కూడా మునిగాయి, మమ్మల్నీ మొదటి దశలో కలపండని జనం రోడ్డెక్కారు. తర్వాత లైడార్ సర్వే చేస్తే ముందు లిస్టులో లేని ఇంకొన్ని ఆవాసాలు ముంపులో పడతాయని తేలింది. అంటే జనం చెప్పింది నిజం, ముందు గీసిన గీతే తక్కువ. అటువైపు తెలంగాణ ప్రభుత్వం కూడా పోలవరం నీళ్ళు నిలిస్తే కిన్నెరసాని, ముర్రేడు వాగుల మీద ఏం ప్రభావం ఉంటుందో జాయింట్ సర్వే చేసి తేల్చాలని పట్టుబట్టింది. ఒక రాష్ట్ర ప్రభుత్వమే వాగుల గురించి అంత కొట్లాడుతుంటే, వాగు ఒడ్డున ఉండే మనం "అది ఇంజనీర్ల పని" అని ఊరుకోవడం ఏం బాగుంటుంది?

అసలైన చిక్కు ఇంకోటి ఉంది. మేము హాస్టల్లో ఈ మాట అనుకున్నప్పుడు కోనసీమ తమ్ముడొకడు వెంటనే అన్నాడు: "అన్నా, నువ్వు పటం గీస్తే మా ఇల్లు డ్రెయిను పోరంబోకులో ఉన్నట్టు నువ్వే చూపించినట్టవుతుంది. రేపు వరద నివారణ అని మొదట కూల్చేది మా గుడిసే." ఈ మాటకి మా దగ్గర తేలికైన జవాబు లేదు. డ్రెయిను గట్టుని తవ్వి చెరువులు వేసినవాళ్ళూ ఆక్రమణే, గత్యంతరం లేక గట్టు మీద నాలుగు తాటాకులు కప్పుకున్నవాళ్ళూ ఆక్రమణే, కాగితం మీద రెండిటికీ ఒకే పేరు. నోటీసు మాత్రం ముందు ఎవరికొస్తుందో అందరికీ తెలుసు. 

అయినా పటం కావాలనే మా మాట. ఎందుకంటే మనం గీయకపోయినా పటం వస్తుంది. శాటిలైట్ ఉంది, డ్రోన్ ఉంది, ఎవరో ఒకరు ఆఫీసులో కూర్చుని గీస్తారు. అందులో కాలువ వెడల్పు ఉంటుంది, గట్టు హద్దు ఉంటుంది, గట్టు మీద ఒక రంగు చుక్క ఉంటుంది. ఆ చుక్క లోపల ఎన్నేళ్ళుగా ఎవరున్నారో ఉండదు. మనం గీసే దాంట్లో అది ఉండాలి. ఎన్ని కుటుంబాలు, ఎన్నేళ్ళ నుంచి, రేషన్ కార్డు, ఓటరు కార్డు, కరెంటు బిల్లు ఏవేవి ఉన్నాయి, దగ్గర్లో మెరక స్థలం ఎక్కడుంది. మెరక మీద స్థలం చూపించి పట్టా చేతికిచ్చిన తర్వాతే కదలమని అడగాలి. అంతకుముందు కాదు. ఇంకో జాగ్రత్త, ఇళ్ళవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న కాపీ ఊళ్ళోనే ఉండాలి. అది ఇంటర్నెట్లో పెట్టేది కాదు, ఈ గ్రూపులో కూడా పెట్టకండి. ఆ గట్టు మీద ఉన్నవాళ్ళు కూర్చుని ఒప్పుకుంటేనే వాళ్ళ ఇళ్ళు గీయాలి. వద్దంటే వదిలేయాలి, నీటి మట్టం గుర్తులు మాత్రం పెట్టుకోవాలి.

ఇక ఎలా అంటారా? వేసవిలో వాగు ఎండి ఉంటుంది, దాని కడుపులో నడిచి చూడటానికి ఇదే టైం. కింది నుంచి పైకి నడవండి. కల్వర్టు తూములు ఎన్ని, అందులో ఎన్ని పూడిపోయాయి, ఒడ్డు ఎక్కడ కోసుకుపోయింది, చెట్టు కొమ్మలకి పాత వరద చెత్త ఎంత ఎత్తులో తగులుకుని ఉంది, ఇవి రాసుకుంటే సగం పని అయినట్టే. మిగతా సగం ముసలోళ్ళ దగ్గర ఉంది. తాతని "ఎన్ని మీటర్లు వచ్చింది" అని అడిగితే చెప్పడు. "86లో ఈ ఇంట్లో ఎక్కడిదాకా వచ్చింది, 2022లో ఎక్కడిదాకా" అని అడిగితే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. ఆ చెయ్యి దగ్గర గీత గీయండి, సంవత్సరం రాయండి. ఆడవాళ్ళని తప్పకుండా అడగాలి. నీళ్ళు ముందు ఏ బోరు దగ్గరికొస్తాయి, మునగని బోరు ఏది, నెలలు నిండిన వాళ్ళని ఏ దారిలో తీసుకెళ్ళారు, ఇవి మగవాళ్ళకంటే వాళ్ళకే బాగా తెలుసు. వాగు పేరు మన భాషలో ఏమంటారో అదే రాయండి. రెవెన్యూ పటంలో పేరు వేరేగా ఉంటే రెండూ రాయండి.

తర్వాత దాటే ప్రతి చోటా కల్వర్టు గోడ మీద అడుగు అడుగుకీ రంగు గీతలు. పారే నీళ్ళు మోకాలి దాకా ఉంటే పెద్దమనిషి కూడా నిలదొక్కుకోలేడు, కాబట్టి ఎర్ర గీత మోకాలి కిందే ఉండాలి. నడుము దగ్గర పెడితే ఉపయోగం లేదు. ఎర్ర గీత మునిగితే దాటకూడదు, బండి అసలే దింపకూడదు. కట్టెలకి, సంతకి, ఆఖరికి పరీక్షకి అయినా సరే. ఈ ఒక్క మాట ఊళ్ళో అందరూ ఒప్పుకోవడం గీత గీయడం కంటే కష్టం, అది మాకు తెలుసు. పరీక్ష పోతే ఏడాది పోతుంది మరి. అందుకే వాగు వల్ల రాలేకపోయినవాళ్ళకి మళ్ళీ పరీక్ష పెట్టమని విద్యార్థి సంఘాలు అడగాలి.

పై ఊరికీ కింద ఊరికీ ఫోన్ కలపాలి. పై ఊళ్ళో ఇద్దరు, కింద ఊళ్ళో ఇద్దరు. సిగ్నల్ లేని గూడేల్లో ఎక్కడ నిలబడితే ఒక గీత సిగ్నల్ వస్తుందో మన పిల్లలకి తెలుసు, ఆ రాయిని కూడా పటంలో పెట్టండి. నవ్వొచ్చినా సరే, అదే మన హెచ్చరిక కేంద్రం. కోనసీమలో అయితే పై ఊరు కాదు, స్లూయిస్ తలుపు కావాలి. ఎప్పుడు మూశారు, ఎప్పుడు ఎత్తారు, ఆ రోజు పోటు ఎప్పుడు, ఇది రోజూ రాసుకుంటే ఒక్క సీజన్లోనే ముంపు గురించి మాట్లాడటానికి మన చేతిలో కాగితం ఉంటుంది. 2025 అక్టోబరులో మొంథా తుపాను ఈ తీరం మీదికే వచ్చింది. అలాంటి రోజున డ్రెయిను ఎన్ని గంటల్లో నిండిందో రాసిపెట్టినవాళ్ళు ఎంతమంది ఉంటారు?

ఇది పిల్లలాట కాదు అని చెప్పడానికి ఒక ఉదాహరణ. ఆఫ్రికాలో టాంజానియా దేశం, దార్ ఎస్ సలాం నగరం. వానొస్తే మునిగే పేదల వాడలు. 2015 నుంచి అక్కడ "రమాని హురియా" అనే పేరుతో యూనివర్సిటీ స్టూడెంట్లు, వాడల్లో జనం కలిసి మురుగు కాలువలు, ఇళ్ళు, దారులు నడిచి కొలిచి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించారు. ఆ పేరుకి అర్థం అందరికీ తెరిచిన పటం అని. అది మన ఫోన్లలో కూడా చేయొచ్చు. వాగు గీత, కల్వర్టు, బడి, మెరక దారి అందులో ఎక్కించండి. ఇళ్ళ సంగతి పైన చెప్పాం కదా, అది చేతితో గీసిన చార్టు మీదే ఉంచండి.

"ప్రభుత్వం చేయాల్సిన పని మనమెందుకు చేయాలి" అని సీనియర్ అన్న ఒకరు అడిగారు. సరైన ప్రశ్నే. మేము చెప్పేది ప్రభుత్వం బదులు చేయమని కాదు, ప్రభుత్వం తప్పించుకోకుండా చేయమని. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకీ ఒక ప్రణాళిక ఉండాలి, అందులో ఏ ప్రాంతాలకి ఏ ప్రమాదం ఉందో రాయాలి. మన వాగు అందులో ఉందా అని అడిగే హక్కు మనకుంది. ఏజెన్సీలో ఇంకో బలం ఉంది. 1996 పెసా చట్టం చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకి అప్పగించాలంటుంది. పెసా అంటే మనం ఇసుక, భూమి, అడవి వరకే మాట్లాడతాం, ఈ ముక్క మాట్లాడం. గ్రామసభలో పటం పెట్టి, చదివి వినిపించి, తీర్మానం రాయించి, ఒక కాపీ ఐటీడీఏకి, ఒక కాపీ కలెక్టర్ ఆఫీసుకి ఇచ్చి రసీదు తీసుకోవాలి. కోనసీమ షెడ్యూల్డ్ ఏరియా కాదు కాబట్టి అక్కడ పెసా పనిచేయదు. అక్కడ మామూలు గ్రామసభ, సచివాలయం, జిల్లా ప్రణాళిక, ఈ దారే. మనవాళ్ళు నాలుగిళ్ళే ఉన్న ఊళ్ళల్లో తీర్మానం పెట్టించడం కష్టం. ఆ ఊళ్ళకి పక్క ఊళ్ళ నుంచి, హాస్టళ్ళ నుంచి మనం పదిమంది తోడు వెళ్ళాలి. వాళ్ళని ఒంటరిగా పంపొద్దు.

మేము ముందు రెండు చోట్ల మొదలెడదామనుకుంటున్నాం. ఒకటి చింతూరు వైపు సోకిలేరు మీద, మా ఊళ్ళవాళ్ళు ఒప్పుకున్నంత మేర. రెండోది అమలాపురం పక్కన, ఆ తమ్ముడి వాళ్ళ గట్టు, వాళ్ళ పెద్దలు కూర్చుని సరే అంటేనే. సివిల్ చదివే అన్నలు లెవెల్ తీయడం నేర్పిస్తే మాకు చాలా సాయం. పారదర్శక ట్యూబులో నీళ్ళు నింపి మేస్త్రీలు మట్టం చూస్తారు కదా, ఆ పద్ధతైనా చాలు. రంగు డబ్బాకి, టేపుకి హాస్టల్లో మేమే తలా కొంత వేసుకున్నాం. సెలవులకి వెళ్ళేవాళ్ళు మీ వాగు పేరు, అది ఎందులో కలుస్తుంది, ఎక్కడ దాటుతారు, ఈ మూడూ రాసి పెట్టండి. ఇళ్ళ వివరాలు వద్దు. జూన్‌లో వాన పడకముందే ఎర్ర గీతలు పూర్తి కావాలి.